గ్రహణం నాటి పిన్నీసు

మూడోసారి మూత తీసి చూసినా తమాలేలు పచ్చిగానే ఉన్నాయి.

క్రెసెన్సియా ఒకదాన్ని పైకి తీసి, చుట్టిన మొక్కజొన్న పొత్తి ఆకు విప్పి, లోపలి పిండిని వేలితో నొక్కింది. వేలికి అంటుకుంది. తెల్లవారకముందే లేచి, మొక్కజొన్న పిండిలో కొవ్వు వేసి, చిన్న ముద్ద నీళ్ళలో వేస్తే తేలేదాకా చేతులు పడిపోయేలా గిలక్కొట్టిన పిండి అది. ఆకు మళ్ళీ చుట్టి లోపల పెట్టి, మూత బిగించి, కుండతో చెబుతున్నట్టు చెప్పింది.

"ఈ ఇంట్లో ఎవరికో కోపం ఉంది."

ఈ సంగతి తెలియనివాళ్ళు మా శాన్ హసింతో ఊళ్ళో లేరు. తమాలేలు పొయ్యి మీద ఉండగా ఇంట్లో ఎవరైనా కోపంగా ఉంటే అవి అలుగుతాయి. అలిగినవి ఎంత మంట పెట్టినా ఉడకవు. చదువుకున్నవాళ్ళు ఈ మాటకి నవ్వుతారు గాని, వాళ్ళ ఇళ్ళల్లోనూ కుండ పొయ్యెక్కాక ఎవరూ గొంతు పెంచరు.

ఆ లెక్కన ఆ ఇంట్లో ఆ రోజు కుండ ఉడకడానికి ఆస్కారమే లేదు.

"ఎవరికో ఏంటి, అందరికీ ఉంది" అన్నాడు ఆమె భర్త అబుందియో వసారాలోంచి. ఆయన టోపీ మోకాలి మీద పెట్టుకుని, గోడకేసి తిరిగి కూర్చున్నాడు. "నాలుగింటికి ప్లుతార్కో వస్తాడు. వాడి వెనకాల బడి పిల్లల తల్లిదండ్రులు సగం మంది వస్తారు. వాళ్ళ ముందు పచ్చిపిండి పెట్టండి. అదొక్కటే తక్కువ మనకి."

"కుండ వినేట్టు అరవకు నాన్నా" అన్నాడు పెద్దకొడుకు నికానోర్.

"నేనరిచానా? ఊరంతా అరుస్తుంటే నీకు వినబడదు. నేను మాట్లాడితే అరిచినట్టుంటుంది."

కోడలు అంపారో జావ గిన్నెలో గరిటె తిప్పుతూ నిలబడింది. ఆ మాటలు తనకే తగలాలని విసిరినవని ఆమెకి తెలుసు. అవి అంత బాధ పెట్టలేదు. వారం నుంచి అత్తగారు ఒక్క మాట కూడా విసరకపోవడమే బాధ పెడుతోంది. ఉప్పు కావాలన్నా నికానోర్‌ని పిలిచి అడుగుతోంది.

అసలు గొడవ పాఠంతో రాలేదు. హోంవర్కుతో వచ్చింది.

అంపారో బడిలో పెద్ద తరగతి పిల్లలకి జీవశాస్త్రం చెబుతుంది. మనిషికి మనిషి మీద ఇష్టం ఎలా పుడుతుంది, చాలామందిలో ఆడా మగా ఒకరిమీద ఒకరికి కలిగేది కొందరికి తమలాంటివాళ్ళ మీదే ఎందుకు కలుగుతుంది అన్నది పాఠం. నేరుగా చెప్పేసి ఊరుకుంటే సరిపోయేది. ముందు మీ ఇంట్లో దీనికేం కారణం చెబుతారో భోజనాల దగ్గర అడిగి రమ్మంది. ఆ రాత్రి ఊళ్ళో సగం ఇళ్ళల్లో రొట్టెలు చల్లారిపోయాయి.

ప్లుతార్కో కూతురు రెమెదియోస్ చుట్టూ తిప్పకుండా అడిగింది. "నాన్నా, నువ్వు జ్ఞానస్నానం చేయించిన ఫిదేల్ అలా ఎందుకయ్యాడు?" ప్లుతార్కో చిక్కుడుగింజల గిన్నె నేలకేసి కొట్టాడని అంటారు. చెయ్యి జారిందని ఆయన భార్య అంటుంది.

ఫిదేల్, అబుందియో చిన్నకొడుకు. క్వావుత్లా పట్నంలో టైర్ల పంక్చర్లు వేసే కొట్టు ఉంది అతనికి, ఇంకో మగవాడితో కాపురం. బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. తండ్రి గడప తొక్కొద్దన్న నాటి నుంచి అతను రాలేదు. ఆ ఇంట్లో అతని పేరు కూడా ఎవరూ ఎత్తరు.

బిడ్డకి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు ఆ తల్లిదండ్రులకి కొంపాద్రె అవుతాడు, ఆ తల్లి అతనికి కొమాద్రె. తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. అలాంటి ప్లుతార్కోయే ఇప్పుడు తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. ఆయన పెట్టిన షరతు ఇది: సోమవారం అంపారో తరగతిలో నిలబడి, చెప్పిందంతా పొరపాటని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటానని ఇవాళ అందరి ముందూ మాటివ్వాలి. లేదంటే ఆమెని బడి మార్పించమని పై అధికారుల దగ్గరికి వెళతారు. హెడ్మాస్టరు తలనొప్పని సెలవు పెట్టి పడుకున్నాడు.

ఇన్ని గొడవలున్నా విందు మానుకునే వీల్లేదు. ముగ్గురు రాజుల పండగనాడు అందరూ కలిసి కోసుకున్న రొట్టెలో చిన్న బొమ్మ అంపారో ముక్కలో వచ్చింది. బొమ్మ వచ్చినవాళ్ళు ఇవాళ్టి కొవ్వొత్తుల పండగకి తమాలేలు పెట్టాలి. ఆ రొట్టె తిన్నవాళ్ళు వచ్చి తినాలి. కోపంగా ఉన్నానని రాకపోతే, పెట్టేవాళ్ళకంటే రానివాళ్ళకే పరువు తక్కువ.

నికానోర్ భార్యని పెరట్లోకి తీసుకెళ్ళాడు.

"రెండు ముక్కలు. 'నేను చెప్పింది పొరపాటు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిందే వినండి.' అంతే. ఆ ముక్క అనేసి, విత్తనాలు మొలకెత్తే పాఠంలోకి వెళ్ళిపో."

"పొరపాటు కానిదాన్ని పొరపాటని ఎలా అననూ?"

"నాతో అంటావుగా. 'సరే, తప్పు నాదే' అని. నమ్మే అంటున్నావా ఏంటి?"

అంపారోకి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"ఆ తరగతిలో ఒకరో ఇద్దరో ఉంటారు నికానోర్. నేను చెబుతున్నంతసేపూ తలెత్తకుండా, గోటితో బల్ల గీకుతూ విన్నవాళ్ళు. సోమవారం నేను వాళ్ళకి ఏం చెప్పాలి? మిమ్మల్ని ఎవరో పాడుచేశారనా?"

నికానోర్ కోళ్ళకేసి చూశాడు.

"అమ్మ నీతో మాట్లాడట్లేదు" అన్నాడు చివరికి. "ఫిదేల్‌ని మళ్ళీ బజారులో పెట్టావని ఆవిడ బాధ. నా కోసం వద్దు, నాన్న కోసం వద్దు. ఆవిడ కోసమైనా ఆ రెండు ముక్కలూ అనెయ్."

అంపారో అప్పుడు మెత్తబడింది. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన నాడు, ఊళ్ళోవాళ్ళంతా చదువుకున్న కోడలని దూరంగా చూస్తుంటే, పక్కన కూర్చోబెట్టుకుని తమాలే చుట్టడం నేర్పింది క్రెసెన్సియానే. ఆవిడ మౌనం కంటే అబద్ధం తేలికేమో అనిపించింది.

వంటింట్లోకి వచ్చి మళ్ళీ గరిటె పట్టుకుంది. ఎటూ చెప్పాల్సిందే కదా అని గొంతులోనే వల్లె వేసుకోవడం మొదలుపెట్టింది.

"పిల్లలూ, కిందటి వారం నేను చెప్పింది..."

ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"పిల్లలూ, కిందటి వారం..."

"నవ్వావట కదా."

అంపారో వెనక్కి తిరిగింది. క్రెసెన్సియా ఇటు చూడలేదు. మిగిలిన పొత్తి ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"ఏంటత్తయ్యా?"

"తరగతిలో. పిన్నీసు మాట వచ్చినప్పుడు పిల్లలందరూ నవ్వారట. నువ్వూ నవ్వావట."

అంపారోకి గుర్తొచ్చింది. ఇళ్ళల్లో విన్న కారణాలు పిల్లలు ఒక్కొక్కరే చెబుతున్నారు. తండ్రి కొట్టి పెంచకపోతే అలా అవుతారని ఒకడు. అక్కల మధ్య పెరిగితే అవుతారని ఇంకొకడు. వెనక బల్లమీది పిల్ల లేచి, కడుపుతో ఉన్నామె పొట్ట దగ్గర పిన్నీసు పెట్టుకోకుండా గ్రహణంలో తిరిగితే పుట్టేవాడు అలా అవుతాడని మా నానమ్మ చెప్పిందంది. తరగతి గొల్లుమంది. అంపారో పెదవి కొరుక్కుంది గాని నవ్వు ఆగలేదు.

"ఆ పిల్ల చెప్పిన తీరుకి నవ్వొచ్చిందత్తయ్యా. అదెవరి గురించో నాకు..."

"నా గురించే."

అంపారో చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఫిదేల్ కడుపులో ఉండగా పట్టపగలు చీకటి పడింది" అంది క్రెసెన్సియా. "కోళ్ళు గూట్లోకి పోయాయి. కుక్కలు ఏడ్చాయి. నేను డాబా మీదున్నా. పిన్నీసు లేదు. ఎర్ర రిబ్బను కట్టి సిద్ధం చేసిన పిన్నీసు లోపల బట్టలపెట్టె మీదే ఉండిపోయింది. మా అత్త చూసి గుండె బాదుకుంది. పిల్లాడికి మొర్రి పడుతుందనుకున్నాం. పుట్టగానే వాడి మొహం కూడా చూడలా, నోరు చూశాం. బంగారంలా ఉంది. హమ్మయ్య అనుకున్నా."

ఆకుల మీద చేతులు ఆగాయి.

"పెద్దయ్యాక వాడొచ్చి ఆ సంగతి చెప్పాడు. మా అత్త మంచంలోంచే అంది. చూశావా, మొర్రి నోటికి పడలేదు, మనసుకి పడింది అని. పోయేదాకా అదే మాట. చూడొచ్చిన ప్రతి ఆడదానికీ చెప్పి మరీ పోయింది. నీ వెనక బల్లమీది పిల్ల నానమ్మకి ఎవరు చెప్పారనుకున్నావ్?"

"నాకు ఎవరూ చెప్పలేదత్తయ్యా. నికానోర్ కూడా."

"వాడికేం తెలుసు. ఇది ఆడవాళ్ళ మధ్య తిరిగే మాట."

క్రెసెన్సియా రవిక అంచు తిప్పి చూపించింది. లోపలి వైపు, పొట్టకి ఆనుకుని, పిన్నీసు ఉంది. దానికి కట్టిన రిబ్బను ఒకప్పుడు ఎరుపు. ఇప్పుడు ఇటుక రంగుకి దిగిపోయింది.

"రోజూ పెట్టుకుంటా. ఇప్పుడు పెట్టుకుని ఏం లాభమని నాకూ తెలుసు. అయినా పెట్టుకుంటా."

అంపారోకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అత్తగారి కోపం ఫిదేల్ పేరు బజారుకెక్కినందుకు కాదు. కన్నకొడుకు జీవితం తన చేతులతోనే చెడిందని నమ్మిన మనిషి, అందరూ ఆ తప్పు చూసి నవ్వారని విన్నది.

"చెప్పు" అంది క్రెసెన్సియా. మొదటిసారి కోడలి మొహం కేసి చూసింది. "ఆ పిల్లలకి చెప్పిందే నాకూ చెప్పు. నాకు చదువు లేదు, అర్థమయ్యేట్టు చెప్పు. నవ్వకు."

అంపారో మొక్కజొన్న బస్తా మీద కూర్చుంది. తరగతిలో బల్ల ముందు నిలబడి చెప్పడం వేరు, ఇది వేరు.

"ముందు తెలియనిది చెబుతానత్తయ్యా. ఇదీ కారణం అని ఒక్కదాన్ని పట్టుకోవడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. వెతుకుతూనే ఉన్నారు. వంశంలోంచి కొంత వస్తుంది. కడుపులో పెరిగేటప్పుడు కొంత జరుగుతుంది. ఇంకా ఏవేవో కలుస్తాయి. ఒక్కొక్కరిలో ఒక్కోలా కలుస్తాయి."

"అంటే తెలీదన్నమాట."

"పూర్తిగా తెలీదు. కానీ ఎవరూ ఎంచుకోరని తెలుసు. నికానోర్‌కి ఆడపిల్లల్ని చూడమని మీరు నేర్పారా?"

"నేర్పడమా. చూడొద్దని కొట్టేదాన్ని."

"అంతే. నికానోర్‌కి ఎలా వచ్చిందో ఫిదేల్‌కీ అలాగే వచ్చింది. ఈడొచ్చేటప్పుడు చాలామందికి తెలుస్తుంది. కొందరికి చిన్నప్పుడే లోపల ఎక్కడో తెలుస్తుంది. కొందరికి బాగా ఆలస్యంగా తెలుస్తుంది. మార్చాలని తిట్టినా, భయపెట్టినా మారేది కాదు. మనిషి నలిగిపోవడం తప్ప ఏమీ ఉండదు."

"నేను వాణ్ణి బాగా గారాం చేశా."

"గారాబంతో రాదు."

"అబుందియో వాణ్ణి ఒకసారి బాగా కొట్టాడు."

"కొట్టినా రాదు, కొట్టకపోయినా రాదు. ఎవర్నో చూసి అంటుకోదు. పాఠం వింటే వచ్చేదీ కాదు, వినకపోతే పోయేదీ కాదు. అది జబ్బూ కాదు, ఎవరికీ శిక్షా కాదు."

క్రెసెన్సియా చెయ్యి రవిక అంచు దగ్గరి పిన్నీసు మీదికి వెళ్ళింది.

"గ్రహణం?"

"ఆ రోజు ఎన్ని ఊళ్ళ మీద అదే నీడ పడింది, ఎంతమంది కడుపుతో ఉన్నారు. పిన్నీసు పెట్టుకున్న తల్లులకీ ఫిదేల్ లాంటి పిల్లలు పుట్టారు. పెట్టుకోనివాళ్ళకి నికానోర్ లాంటివాళ్ళు పుట్టారు. గ్రహణమే లేని ఏళ్ళల్లో ఇద్దరూ పుట్టారు."

"పెట్టుకున్నవాళ్ళకీనా?"

"పెట్టుకున్నవాళ్ళకీనూ."

"నేను పెట్టుకుని ఉంటే?"

"ఫిదేల్ ఫిదేల్‌లాగే పుట్టేవాడత్తయ్యా."

క్రెసెన్సియా భుజాలు కదలడం మొదలయింది. ఏడుస్తోందనుకుని అంపారో లేచింది. ఏడుపే, కానీ మధ్యలో నవ్వు కలిసింది, తర్వాత నవ్వే ఎక్కువయింది. నెత్తిమీద నీళ్ళబిందె దింపుకున్న మనిషిలా మెడ అటూ ఇటూ తిప్పుకుంది.

"నన్ను క్షమించండి, నవ్వినందుకు" అంది అంపారో.

"నవ్వాల్సిందే. ఇన్నేళ్ళు పొట్టకి ఇనప ముక్క గుచ్చుకు తిరిగిన ముసలిదాన్ని చూసి నవ్వకపోతే ఎట్లా. కూర్చునేటప్పుడు ఎన్నిసార్లు గుచ్చుకుందో తెలుసా? గుచ్చుకున్నప్పుడల్లా, బాగా అయింది నాకు అనుకునేదాన్ని."

ఆ మాటకి అంపారోకి నిజంగానే ఏడుపొచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"ఇందాక ఏదో వల్లె వేస్తున్నావ్" అంది క్రెసెన్సియా. "వెనక్కి తీసుకుంటావా ఆ పాఠం?"

"మీ కోసమని నికానోర్ అన్నాడు..."

"నా కోసమైతే విను. సోమవారం నువ్వెళ్ళి అది తప్పని చెప్పావనుకో, ఈ పిన్నీసు మళ్ళీ నీ చేత్తో నాకు గుచ్చినట్టే."

ఇంట్లో చప్పుడు లేదు. అప్పుడు క్రెసెన్సియా చెవి రిక్కించి, మొహం చిట్లించింది.

"నాణెం ఏదీ?"

తమాలేలని ఆవిరి మీద ఉడికించే కుండ అడుగున నీళ్ళలో ఒక నాణెం వేస్తాం. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది గలగలమంటుంది. చప్పుడు ఆగిందంటే నీళ్ళు ఇంకిపోయినట్టు. పొద్దుటి నుంచి సాగిన గొడవలో అది ఎప్పుడు ఆగిందో ఆ ఇంట్లో ఒక్కరూ వినలేదు. అడుగు ఇంకా మాడకపోవడమే అదృష్టం.

అంపారో మరుగుతున్న నీళ్ళు పక్కనుంచి జాగ్రత్తగా పోసింది. కాసేపటికి నాణెం మళ్ళీ మోగింది.

"చూశారా, నీళ్ళు లేక ఉడకలేదు" అంది.

"నీళ్ళు ఎందుకు అయిపోయాయి? మనం కోపంగా ఉండబట్టి" అంది క్రెసెన్సియా. "అన్నీ నీ పుస్తకంలో ఉండవమ్మాయ్. రా, డాన్సు చెయ్యాలి."

అలిగిన కుండకి అదే మందు. పొత్తి ఆకుల్ని చీల్చి కుండ చెవులకి ముడి కట్టి, దాని ముందు ఆడాలి. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. నడుం పట్టేసిన ఆవిడా, ఆట రాని కోడలూ పొయ్యి చుట్టూ తిరిగారు. నికానోర్ గుమ్మంలోకి వచ్చి నోరు తెరుచుకుని నిలబడితే అతన్నీ లాగారు.

అబుందియో వసారాలోంచి తొంగి చూశాడు.

"మీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"కుండ అలక తీరుస్తున్నాం" అంది భార్య. "నువ్వూ రా. అసలు కోపమంతా నీ దగ్గరే ఉంది."

ఆయన రాలేదు. లోపలికీ పోలేదు. భార్య నవ్వు ఎప్పుడు విన్నాడో గుర్తు చేసుకుంటున్నట్టు అక్కడే నిలబడిపోయాడు.

నాలుగింటికి వాళ్ళు వచ్చారు. ప్లుతార్కో ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని ముందు నడిచాడు. వెనక తల్లులు, తండ్రులు, చంకల్లో పసిపిల్లలు. రెమెదియోస్ కూడా వచ్చింది. పెరట్లో వేసిన పొడుగు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు గాని, ఒంటి మీద కోట్లు మాత్రం విప్పలేదు.

క్రెసెన్సియా పెద్ద పళ్ళెంలో తమాలేలు పెట్టి, ఆవిరి పోకుండా గుడ్డ కప్పి తెచ్చింది. గుడ్డ మూల జారకుండా పిన్నీసు గుచ్చింది. పాత రిబ్బను దానికి వేలాడుతోంది. ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు అది చూసి, చటుక్కున కళ్ళు దించుకున్నారు.

"ముందు మాట, తర్వాత తిండి" అన్నాడు ప్లుతార్కో. "టీచరమ్మా, సోమవారం పిల్లలకి ఏం చెబుతున్నారు?"

అంపారో లేచి నిలబడింది.

"అదే పాఠం చెబుతానండీ. గంట కొట్టేశారని సగంలో ఆగింది. మిగతా సగం కూడా చెబుతాను."

బల్ల చుట్టూ గుసగుస లేచింది. నికానోర్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తన కుర్చీ ఎత్తి తెచ్చి భార్య కుర్చీ పక్కన వేసుకున్నాడు.

"అంటే పెంపకంతో పన్లేదంటారు" అన్నాడు ప్లుతార్కో. "మేం పిల్లల్ని పెంచడం దండగ."

"పెంపకంతో చాలా పనుంది. మీ బిడ్డ ఎవర్ని ఇష్టపడుతుందన్నది మీ చేతిలో లేదు. ఆ సంగతి మీతో చెప్పడానికి భయపడుతుందా లేదా అన్నది పూర్తిగా మీ చేతిలోనే ఉంది."

రెమెదియోస్ తండ్రి మొహం కేసి చూసింది. ప్లుతార్కో అటు తిరగలేదు.

"కొమాద్రె, నువ్వైనా చెప్పు నీ కోడలికి" అన్నాడు క్రెసెన్సియాతో.

"చెబుతా" అంది ఆవిడ. గుడ్డకున్న పిన్నీసు తీసి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించింది. "ఇదేంటో ఇక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. నాకు వినబడదనుకుని నా వెనకాల చాలా ఏళ్ళు అన్నారు. నాకు వినబడింది. నేనూ నమ్మా. ఇవాళ పొద్దున్నదాకా నమ్మా. నా తప్పు కాదట. వాడి తప్పూ కాదట. అసలు తప్పే లేదట. ఈ ముక్క నాకెవరైనా ముందే చెప్పి ఉంటే నా కొడుకుని గుమ్మం దాటి పోనిచ్చేదాన్ని కాదు. నా కోడలు మీ పిల్లలకి ముందే చెబుతోంది. దానికి మీరు దెబ్బలాటకొచ్చారు."

ఒక పసిపిల్ల ఏడవబోతే తల్లి జోకొట్టింది.

"డాబా మీదికి పిలిచింది నేనే."

ఆ మాట ఎవరన్నారో వెంటనే ఎవరికీ తెలియలేదు. అబుందియో బల్ల చివర కూర్చుని, తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

"దిగి పిన్నీసు తెచ్చుకుంటానంది. నేనే చెయ్యి పట్టుకు ఆపా. మధ్యాహ్నం పూట నక్షత్రాలు కనబడుతున్నాయి చూడు, మళ్ళీ ఈ జన్మలో చూడలేం అన్నా. మా అమ్మ దీన్ని తిడుతుంటే నోరు మూసుకున్నా. ఫిదేల్ మొహం చూస్తే నాకా డాబా కనబడేది. అందుకే వాణ్ణి చూడలేకపోయా."

"చెయ్యి పట్టుకున్నావని నాకు గుర్తుంది" అంది క్రెసెన్సియా.

"మరి ఒక్కసారీ అనలేదే?"

"అంటే మీ అమ్మ నిన్ను కూడా తినేసేది. ఒకరం చాల్లే అనుకున్నా."

అబుందియో తల పైకెత్తలేదు. రెమెదియోస్ లేచి, పళ్ళెం దగ్గరికెళ్ళి ఒక తమాలే తీసుకుంది. ఆకు విప్పింది. పిండి ఎక్కడా అంటుకోకుండా ఆకుని వదిలేసి వచ్చింది.

"ఉడికాయి" అంది.

దాంతో బల్ల మీద చేతులు కదిలాయి. ఒకరు పచ్చిమిర్చిది అడిగారు, ఒకరు తీపిది అడిగారు. కోట్లు ఒక్కొక్కటే కుర్చీల వీపులకెక్కాయి. ఎవరో ప్లుతార్కో చేతిలో కూడా ఒకటి పెట్టారు. ఆయన దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"నికానోర్, ఫోను తియ్యి" అన్నాడు అబుందియో. "వాడి నంబరు నీ దగ్గరుందని నాకు తెలుసు. పండగలకి పెరట్లోకెళ్ళి మాట్లాడతావని కూడా తెలుసు."

నికానోర్ నంబరు నొక్కి ఇచ్చాడు. అబుందియో ఫోను చెవికి కొంచెం దూరంగా పెట్టుకున్నాడు. అటువైపు మోగడం బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడింది. నమలడం ఆపేశారు.

"ఏంటన్నయ్యా?" అంది అటువైపు గొంతు.

"అన్నయ్య కాదు. నేను. మీ నాన్నని."

అటువైపు గొంతు నెమ్మదించింది.

"ఎవరు పోయారు నాన్నా?"

క్రెసెన్సియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అబుందియో పళ్ళెం కేసి చూశాడు.

"ఎవరూ పోలేదురా. తమాలేలు ఉడికాయి."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"బస్సుంది" అన్నాడు ఫిదేల్. "కానీ నాన్నా, నన్నొక్కణ్ణే రమ్మంటున్నారా, ఇద్దర్నీ రమ్మంటున్నారా?"

అబుందియో నోరు తెరిచి, ఆగి, బల్లకి అవతల కూర్చున్న తన కొంపాద్రె కేసి చూశాడు. ఫిదేల్‌ని పసిగుడ్డుగా ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించిన ప్లుతార్కో కూడా ఆయన కేసే చూస్తున్నాడు. ప్లుతార్కో చేతిలో తమాలే ఇంకా విప్పకుండానే ఉంది.